నాలుగో రిపోర్టు

డ్రైవరు కూర్చోలేదు. పెద్దమ్మాయి రెండుసార్లు కూర్చోమంది, కుర్చీ కూడా ముందుకు జరిపింది. అతను మాత్రం గుమ్మానికీ బల్లకీ మధ్య నిలబడి, చేతిలోని పెద్ద కవరుని మందుల బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. గాలికి ఎగిరిపోతుందని కాదు, ఇంట్లోవాళ్ళు ఎక్కడ తీసి దాచేస్తారోనని.

"గుండ్రాయిలా ఉన్నానన్నారండీ" అన్నాడు. "మీ మరిదిగారి సెంటర్లో ఒకసారి చూశారు. నాకు నమ్మకం కుదరక పెద్దాసుపత్రికీ వెళ్ళాను. అక్కడ నడిపించి, పరిగెత్తించి మరీ చూశారు. ఒక్క దెబ్బ తప్పితే ఒట్టు."

సంతోషంగా చెప్పాల్సిన మాట అది. అతను నేరం మోపుతున్నట్టు చెప్పాడు.

అతన్ని తప్పు పట్టడానికీ లేదు. ఇరవై రోజుల కిందట ఇదే గదిలో పెద్దమ్మాయి తండ్రి, నాడి చూసి మందిచ్చే పెద్దాయన, అతని చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచి, నాడి మధ్యమధ్యలో ఆగుతోందన్నాడు. ముందు వెళ్ళి గుండె పరీక్ష చేయించుకో, ఆ తర్వాతే నా మందు అన్నాడు. డ్రైవరు బుద్ధిమంతుడు కనుక ఆ మాట దాచకుండా డిపోలో చెప్పాడు. డిపోవాళ్ళు ఇంకా బుద్ధిమంతులు కనుక ఆ రోజే అతన్ని బస్సు దింపి పాత టైర్ల షెడ్డులో కూర్చోబెట్టారు. పద్దెనిమిదేళ్ళు స్టీరింగు పట్టిన మనిషి ఇప్పుడు ఈగలు తోలుకుంటున్నాడు.

ఇతను నాలుగోవాడు. మొదట కుట్టుపని చేసే ఆవిడ, ఆ తర్వాత బడి పంతులు, ఆ తర్వాత బేకరీ ఆయన. నలుగురికీ నాడి తప్పుతోందనే చెప్పాడు పెద్దాయన. నలుగురి రిపోర్టులూ కడిగిన అద్దంలా వచ్చాయి. నలుగురూ మొదట వెళ్ళింది ఒక్కచోటికే, పెద్దాయన చిన్నల్లుడు రెండు వీధుల అవతల నడిపే గుండె పరీక్షల సెంటరుకి. వీధికి ఇంతకంటే ఏం కావాలి? మామ చెయ్యి పట్టి పంపిస్తాడు, అల్లుడు మిషను పెట్టి చూస్తాడు. ఈ మాట పాలవాడి దగ్గర మొదలై, వారం తిరిగేసరికి మళ్ళీ ఈ ఇంటి పాలగిన్నెలోకే వచ్చి పడింది.

"సాయంత్రం ఐదింటికి మేం నలుగురం వస్తామండీ" అన్నాడు డ్రైవరు. "పెద్దాయన చెయ్యి పొరబడిందో, కావాలనే పంపించారో, ఆయన నోటితోనే చెప్పాలి. మా నాన్నకి జబ్బు చేసినప్పుడు కనిపెట్టింది ఆ చెయ్యే. ఆ నమ్మకంతోనే వచ్చాను మరి."

పన్నెండేళ్ళుగా పెద్దమ్మాయి ఈ ఇంట్లో మందు చెక్కలు దంచి, కషాయాలు కాచి, తండ్రి పలికింది పలికినట్టు పుస్తకంలో రాస్తోంది. ఆ చెయ్యి పొరబడిందన్న మాట ఇంతవరకు ఆమె వినలేదు. వినాల్సి వస్తుందనీ అనుకోలేదు.

అతను గుమ్మం దాటుతూ మణికట్టు రుద్దుకున్నాడు. "ఆ రోజు అంత గట్టిగా పట్టుకుంటారని తెలీదండీ. సాయంత్రం దాకా వేళ్ళ గుర్తులు పోలేదు" అన్నాడు, అదీ ఒక నేరమే అన్నట్టు.

అతను వెళ్ళాడో లేదో తల్లి లోపలి తలుపు వెనకనుంచి బయటికొచ్చింది. ఆవిడ మొదటినుంచీ అక్కడే ఉంది. తలుపుల వెనక నిలబడడం ఆవిడకి చిన్నప్పటి విద్య. తూకం రాళ్ళని నమ్మదు, గడియారాన్ని నమ్మదు, వాన పడదని ఆకాశం చెప్పినా గొడుగు తీసుకునే బయల్దేరుతుంది. అలాంటావిడ నలభై ఏళ్ళలో నమ్మిందంటే ఒక్క మొగుడినే. ఆ నమ్మకానికి ఇప్పుడు బీటలు వారాయి.

"అల్లుడు కొత్త మిషను కొన్ననాడే అనుకున్నాను" అంది. "మీ నాన్నని బుట్టలో వేసుకున్నాడు."

పెద్దమ్మాయి కొట్టిపారేసింది. మరిదికి అంత తెలివి ఉంటే సెంటరుకి పైకప్పు ఎప్పుడో బాగుచేయించుకునేవాడంది. తల్లి వినలేదు. సాక్ష్యాలు లేకుండా ఆవిడ ఎవరినీ అనుమానించదు. రెండు నెలలుగా పోగేసినవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది.

మొదటిది, దిళ్ళు. పెళ్ళైన నాటినుంచి ఒక్క దిండుతో పడుకున్న మనిషి ఇప్పుడు రెండు పెట్టుకుంటున్నాడు. రెండోదాని కింద ఏదో దాస్తున్నాడు కాబట్టే. ఆవిడ రెండుసార్లు వెతికింది, ఏమీ దొరకలేదు. దొరకలేదంటే అంత జాగ్రత్తగా దాస్తున్నాడన్నమాట.

రెండోది, మెట్లు. చెక్కలు ఆరబెట్టే మేడగదికి వెళ్తూ సగంలో ఆగిపోతాడు. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడతాడు. ఎవరి కోసం చూస్తున్నాడు?

మూడోది, చెప్పులు. పట్టీ పెట్టుకోకుండా ఈడ్చుకుంటూ తిరుగుతున్నాడు. అడుగుల చప్పుడు ఎవరిదో గుర్తుపట్టకుండా ఉండడానికే అని ఆవిడ తేల్చింది.

"ఇక నాలుగోది విను. తెల్లమద్ది చెక్క డబ్బా నెలకి రావాల్సింది పదిహేను రోజులకే ఖాళీ అవుతోంది. వచ్చేవాళ్ళు పెరగలేదే. ఎవరికి పోతోంది ఆ చెక్కంతా?"

డబ్బా తరిగిపోవడం పెద్దమ్మాయి కూడా చూసింది. చూసి, తల్లికి తెలిస్తే ఇల్లు పీకి పందిరి వేస్తుందని నోరు మెదపలేదు. ఈ ఇంట్లో అనుమానం ఒక్కరికే ఉంటే చాలుననుకుంది. ఇప్పుడు తనకీ పట్టుకుంది.

తల్లి ఫోను అందుకోబోతే ఆమే లాక్కుని మరిదికి చేసింది. అతను మండిపడతాడనుకుంది. అతను మండిపడలేదు, బిక్కమొహం వేసినట్టు మాట్లాడాడు. మామగారు వరసగా నాలుగు మంచి గుండెలు పంపేసరికి, తన మిషనే పాడైందేమోనని కంపెనీవాళ్ళని పిలిపించి చూపించాడట. మిషను బాగానే ఉందట.

"నేనే మీకు చెయ్యాలనుకుంటున్నాను వదినా" అన్నాడు. "మావయ్యగారు మొన్న మా సెంటరుకి వచ్చారు. గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయారట. అంతకుముందు వారం కూడా అంతేనని మా రిసెప్షను అమ్మాయి చెప్పింది. నా మీద కోపమేమైనా ఉందా?"

కోపం లేదని చెప్పి ఫోను పెట్టేసింది. ఆ మాట తల్లికి చెప్పలేదు. చెబితే ఐదో సాక్ష్యమై కూర్చుంటుంది.

తల్లి లోపలికి వెళ్ళాక పెద్దమ్మాయి పుస్తకం తీసింది. కుట్టుపని ఆవిడ పేజీ, పంతులు పేజీ, బేకరీ ఆయనది, డ్రైవరుది. అన్నీ తన చేతిరాతే. ఆయన కళ్ళు మూసుకుని పలుకుతుంటే తను రాసింది. పన్నెండు దెబ్బల తర్వాత ఒకటి తప్పింది. పన్నెండు తర్వాత ఒకటి. మళ్ళీ పన్నెండు. నాలుగు చోట్లా అదే లెక్క.

రాసిన రోజున ఒక్కొక్కటీ విడివిడిగా రాసింది కనుక అనుమానం రాలేదు. ఇప్పుడు నాలుగు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. నలుగురు మనుషులు, నాలుగు రకాల ఒళ్ళు, అరవై దాటిన పంతులూ ముప్ఫై నిండని కుట్టు ఆవిడా. నాలుగు గుండెలూ కూడబలుక్కున్నట్టు ఒకేచోట ఎలా తప్పుతాయి? అబద్ధం చెప్పేవాడే ఒకే అంకె మళ్ళీ మళ్ళీ చెబుతాడు. తన తండ్రి అబద్ధం చెబుతున్నాడు. అమ్మ అన్నది నిజమే.

ఆ మాట మనసులో అనుకోగానే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ తను దంచింది చెక్క కాదు, ఊక అనిపించింది.

కళ్ళు తుడుచుకుని పుస్తకం మూయబోతూ డ్రైవరు మణికట్టు రుద్దుకోవడం గుర్తొచ్చింది. తండ్రి ఎవరి చెయ్యీ గట్టిగా పట్టుకోడు. ఆమెకి నాడి చూడడం నేర్పిన మొదటి రోజు, ఆమె పట్టుకున్న పట్టుకి నవ్వి, వేళ్ళు వదులు చేయించాడు. పువ్వు మీద చెయ్యి వేసినట్టు వెయ్యమన్నాడు. గట్టిగా నొక్కితే ఎదుటివాడి నాడి అణిగిపోయి నీ వేళ్ళలో నీ నాడే కొట్టుకుంటుంది, దాన్నే పట్టుకుని వాడిదని చెబుతావు, కొత్తగా నేర్చుకునేవాళ్ళంతా చేసే పొరపాటు ఇది అన్నాడు.

పెద్దమ్మాయి లేచి నిలబడింది.

రెండు దిళ్ళు. మెట్ల మీద ఆగడం. చెప్పుల పట్టీ పట్టకపోవడం. నలభై దాటినవాళ్ళు ఎవరొచ్చినా తండ్రి వల్లించే మాటలే ఇవి. గుండె ఉన్నట్టుండి మోసం చెయ్యదు, ముందుగా చిన్న చిన్న కబుర్లు పంపుతుందంటాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక ఇంకో దిండు కావాలనిపిస్తుంది, సాయంత్రానికి పాదాలు వాస్తాయి, చెయ్యని పనికి కూడా అలసట వస్తుంది, కొందరికి దవడలోనో వీపులోనో నొప్పిగా మొదలవుతుంది. వాటిని వయసు మీదకి తోసేయకండి అంటాడు. ఈ ఇంట్లో ఆ పాఠం రానిది గోడలకే. తల్లి దాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పింది, తను చెవులారా వింది, ఇద్దరికీ అది జబ్బులా వినపడలేదు, దొంగతనంలా వినపడింది.

ఆయన వెనక గదిలో పొయ్యి దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. గిన్నెలో పాలూ నీళ్ళూ మద్ది చెక్క పొడీ కలిసి మరుగుతున్నాయి. నీళ్ళు ఇగిరి పాలు మిగిలేదాకా కలుపుతూ ఉండాలి. ఈ పూట ఆ గుండె మందు తీసుకోవాల్సినవాళ్ళు ఎవరూ లేరని ఆమెకి తెలుసు.

"చెయ్యి ఇవ్వండి నాన్నా" అంది.

ఆయన గరిటె చేతిలోనే ఉంచుకున్నాడు. పాలు అడుగంటుతాయన్నాడు. ఆమె పొయ్యి ఆపేసింది. ఆయన ఆగిన మంట వైపు చూశాడు, తర్వాత కూతురి వైపు చూశాడు. చెయ్యి మాత్రం ఇవ్వలేదు. ఇవ్వకపోవడంతోనే ఆమెకి కావలసిన జవాబు దొరికింది.

"ఎప్పట్నుంచి?"

"వేళ్ళ చివర్లు మొద్దుబారి రెండేళ్ళయిందమ్మడూ. నాడి సరిగ్గా అందక గట్టిగా పట్టుకోవడం మొదలుపెట్టాను. ఇది మాత్రం ఈ మధ్యనే" అన్నాడు. ఇది అన్నప్పుడు చెయ్యి గుండె మీద పెట్టుకోలేదు, గిన్నె వైపు చూపించాడు.

ఆమె పక్కనే నేలమీద కూర్చుంది. కోపం పోయింది. నాన్న మోసగాడు కాదు, నాన్నకి జబ్బు చేసింది. ఈ రెంటిలో తనకి ఊరటనిచ్చింది రెండోదని గ్రహించి సిగ్గుపడింది.

ఇవాళే పరీక్ష చేయించుకోవాలని మెల్లగా చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. వైద్యుడికే గుండె జబ్బంటే రేపటినుంచి ఈ గుమ్మం ఎవరు తొక్కుతారన్నాడు. మద్ది చెక్క తాగుతున్నాను, ఉప్పు తగ్గించాను, తిన్నాక నాలుగడుగులు వేస్తున్నాను అని చిన్నపిల్లాడిలా అప్పజెప్పాడు.

"చెక్క గుండెకి ఊతకర్ర లాంటిది అని మీరే కదా అందరికీ చెబుతారు" అంది ఆమె. "కాలు విరిగినవాడికి ఊతకర్ర ఇచ్చి ఇంటికి పంపిస్తే అది వైద్యం కాదంటారు. మీ కాలు విరిగితే మాత్రం కర్ర చాలా?"

ఆమెకి ఇంకో మాట అడగాలని లేదు. అయినా నాలుక చివరిదాకా వచ్చినది ఆగలేదు.

"అది మీ నాడేనని ఎప్పుడు తెలిసింది?"

గిన్నెలో పాలమీద మీగడ కట్టింది.

"బేకరీ ఆయన రిపోర్టు వచ్చినరోజున."

అంటే మూడోది. ఆమె లెక్క వేసుకుంది. ఆ తర్వాతే డ్రైవరు వచ్చాడు.

"మరి డ్రైవరుని ఎందుకు పంపించారు నాన్నా?"

"నేను పంపేటప్పుడు అబద్ధం చెప్పలేదమ్మా" అన్నాడు ఆయన. "అతని చేతిలోనూ అలాగే తప్పింది. నాదే అయ్యుంటుందని లోపల తెలుస్తోంది. అయినా ఒకవేళ ఇతనిదైతే... ఇతనిదైతే బాగుండునని అనిపించింది."

ఆ ఇరవై రోజులూ ఆ మనిషి టైర్ల షెడ్డులో ఛాతీ తడుముకుంటూ కూర్చున్నాడు. పెళ్ళాం ఎంత బెంగపడిందో, పిల్లలకి ఏం చెప్పాడో. తన తండ్రి చీమకి కూడా అపకారం తలపెట్టడని ఊరంతా అంటుంది. ఊరు ఎన్నో అంటుంది.

తలుపు దగ్గర అలికిడైంది. తల్లి ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. మొహం చూస్తే మొత్తం విన్నట్టే ఉంది. అరుస్తుందని ఇద్దరూ ఎదురుచూశారు. ఆవిడ అరవలేదు. నేరుగా వచ్చి గిన్నె పక్కకి జరిపి, దిళ్ళ కింద వెతికినప్పుడు అడిగి ఉండాల్సిందని తనలో తనే అన్నట్టు అంది. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగి, చొక్కా మార్చుకోండి, ఐదింటికి ఆ నలుగురూ వచ్చేలోపు అల్లుడి దగ్గరికి వెళ్తున్నాం అంది.

ఆయన లేవలేదు. ఆవిడ మొహంలోకి చూశాడు.

"నువ్వు కూడా రా" అన్నాడు భార్యతో.

"నేను రాకుండా మిమ్మల్ని ఒంటరిగా పంపిస్తానా?"

"అలా కాదు. నీకూ చూడాలి."

సోమవారం పొద్దున్నే ఇంట్లో అందరి నాడీ చూడడం ఆయన అలవాటు. మొన్నటి సోమవారం భార్య చెయ్యి చూసి, బాగానే ఉన్నావు పో అని పంపేశాడు. ఆ సంగతి పెద్దమ్మాయికి గుర్తే, తను అక్కడే ఉంది. ఆయన ఇప్పుడు నేల చూపులు చూస్తూ చెప్పాడు. డ్రైవరుని పంపించినప్పటినుంచి, ఎవరి చేతిలో ఏం తప్పినా తనదేనని కొట్టిపారేస్తున్నాడు. ఈ ఇరవై రోజుల్లో వచ్చినవాళ్ళందరికీ భయం లేదనే చెప్పాడు.

"మీ అమ్మది పన్నెండు తర్వాత తప్పలేదమ్మడూ. ఏడు తర్వాతే తప్పింది. మళ్ళీ నాలుగు తర్వాత. నాది అలా ఉండదు. అయినా నాదేలే అనుకుని వదిలేశాను."

అందరికంటే ముందు తేరుకున్నది తల్లే. నవ్వింది. పెద్దమ్మాయి ఆ నవ్వు ఎప్పుడూ వినలేదు.

"నలుగురయ్యారు. ఐదో రిపోర్టు నాదన్నమాట" అంది. "మీ జబ్బు తీసుకెళ్ళి పక్కవాళ్ళ చేతిలో పెట్టడం మీకు అలవాటైపోయిందండీ. బయటివాళ్ళు అయిపోయారు, ఇప్పుడు ఇంట్లోవాళ్ళ వంతు వచ్చింది."

కాదనే హక్కు పోగొట్టుకున్నానని ఆయనకి తెలుసు.

పెద్దమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తండ్రి నిజమే చెబుతున్నాడా, డ్రైవరు విషయంలో చేసినట్టే ఇదీ ఇంకొకరిదైతే బాగుండునన్న ఆశేనా? నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి విషయంలో కూడా అలా ఆశపడతాడా? ఈ పొద్దున అడిగితే ఛీ అనేది. ఇప్పుడు అనలేకపోతోంది. తల్లిని నీకెలా ఉందమ్మా అని అడిగింది. నాకేం, నేను బాగానే ఉన్నానంది ఆవిడ. ఆ మాట మరీ తొందరగా అంది. లోకాన్నంతా అనుమానించే మనిషి తన ఒంటి సంగతి మాత్రం ఎప్పుడూ ఎవరికీ చెప్పదు.

"ఇలా చెయ్యి పెట్టమ్మా" అంది పెద్దమ్మాయి.

తల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె ముందుకు జరిగి ఎడమ చెయ్యి పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది. తండ్రి తలెత్తి, మెల్లగా పట్టుకోమ్మా అన్నాడు. ఆమె ఆ మాట వినిపించుకోనట్టే ఉండి, ఊపిరి బిగబట్టి, మూడు వేళ్ళూ తల్లి మణికట్టు మీద ఆనీ ఆననట్టు ఆనించింది. కళ్ళు మూసుకుంది.

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. తన గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, వేళ్ళ కింద ఏది అమ్మదో ఏది తనదో ఆమెకి తెలియలేదు.